పాత మిల్లు పక్కిల్లు

ఆదోని,
జూన్ 14.

సంజనా,

ఫోన్ చేస్తే సగం మాటలో ఉండగానే "బెల్లు కొట్టారే, క్లాసుకు పోవాలి" అని పెట్టేస్తావు. నువ్వు చేసినప్పుడు నా పక్కన ఎవరో ఒకరు నిలబడి "మేడం, పైపు పగిలింది" అంటారు. కర్నూలు హాస్టల్ వదిలిన రోజు పెట్టుకున్న ఉత్తరాల పద్ధతే మనకు మేలు. రాస్తుంటే నన్నెవరూ ఆపరు. చదువుతుంటే నువ్వూ తప్పించుకోలేవు.

ఈసారి నా నెత్తిన పడింది మామూలు పని కాదు. మా మున్సిపాలిటీకి కొత్త యార్డు కట్టాలి, ఇంజినీరుగా స్థలం నేను చూడాలి. నీళ్ళ ట్యాంకర్లు, చెత్త ట్రాక్టర్లు, జేసీబీ, పైపులు, వీధి దీపాల సామాను అన్నీ ఒకచోట ఉండాలి, రిపేర్లూ అక్కడే జరగాలి. ఇప్పుడున్న షెడ్డు మా నాన్న పుట్టకముందు కట్టింది. అప్పటి ఊరికి అది సరిపోయింది. ఇప్పుడు ఒక ట్యాంకరు బయటికి రావాలంటే ముందున్న మూడింటిని కదిలించాలి. వీధులూడ్చే ఆడవాళ్ళు తెల్లారకముందే అక్కడికి వచ్చి పని పంచుకుంటారు. వాళ్ళు బట్టలు మార్చుకునేది ఒక మూలకు కట్టిన టార్పాలిన్ పట్టా చాటున. వాళ్ళ మేస్త్రీ భీమక్కను నువ్వొకసారి చూడాలి. నాకు పని చెప్పేది కమిషనరు గారా భీమక్కా అని ఒక్కోరోజు అనుమానం వస్తుంది.

మూడు స్థలాలు చూశాను. కొండ కింది జాగా చదును చేయాలంటే రాయి పగలగొట్టడంతోనే డబ్బంతా అయిపోతుంది. సిరుగుప్ప రోడ్డు జాగా బాగుంది గానీ చీకట్లో ఆడవాళ్ళు అంతదూరం నడిచి రాలేరు. మూడోది మూతపడిన పాత పత్తి జిన్నింగ్ మిల్లు. ఊరి నడుమ ఉంది, విశాలంగా ఉంది, ఇప్పుడు మున్సిపాలిటీదే. చూడగానే ఇదే అనుకున్నాను. పక్కన గురురాజ కాలనీ ఉంది. అక్కడి వాళ్ళు చూడగానే ఇది వద్దే వద్దు అనుకున్నారు.

కాలనీ సంఘం సెక్రటరీ ఒకాయన నిన్న ఆఫీసుకు వచ్చాడు. చొక్కాకు ఇస్త్రీ ఎంత గట్టిగా చేశారంటే కూర్చుంటే విరుగుతుందేమో అని భయమేసింది. దోమల గురించి, దుర్వాసన గురించి, ఇళ్ళ ధరల గురించి చాలాసేపు మాట్లాడాడు. నేను నీళ్ళిచ్చాను. తాగి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

నీ
అశ్విని

*

ఎమ్మిగనూరు,
జూన్ 22.

అశ్వినీ,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి ఇస్త్రీ చొక్కా మాట దగ్గర పైకే నవ్వేశాను. హెడ్‌మాస్టరు గారు కళ్ళజోడు తీసి చూశారు. పిల్లల కాంపోజిషన్ అని బొంకాను.

ఇక్కడ అంతా మామూలే. తొమ్మిదో తరగతిలో ఛందస్సు మొదలుపెట్టాను. గురువు, లఘువు అనగానే వెనక బెంచీవాళ్ళకు నిద్ర ముంచుకొస్తోంది. నాన్న గురువారం గురువారం మంత్రాలయం పోయి వస్తున్నారు. ఈ మధ్య అక్కడ తెలిసినవాళ్ళు ఎక్కువగా కలుస్తున్నారు, వాళ్ళందరికీ పెళ్ళి కావలసిన కొడుకులే ఉంటున్నారు. ఆ సంగతులు తర్వాత రాస్తాను, ఇంకా ఏమీ లేదు.

నీ యార్డు సంగతి ఆలోచించాను. భీమక్క వాళ్ళ కోసం నువ్వు పట్టుబట్టడం నాకు నచ్చింది. కానీ ఆ కాలనీవాళ్ళను మరీ ఎగతాళి చేయకు. ఉన్నదంతా పెట్టి ఇల్లు కట్టుకున్నవాళ్ళకు భయం ఉండదా? ఆ సెక్రటరీ మాటల్లో ఒక్కటైనా నిజం ఉంటుందేమో, దోమలన్నీ తోలేశాక వెతికి చూడు.

ఇంతకీ ఆయన పేరేమిటి? వయసెంత ఉంటుంది? కాలేజీలో పాఠాలు చెప్పే మనిషిలా ఉన్నాడా? మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడా? ఊరికే అడుగుతున్నాను. మా బంధువులు కొందరు ఆ వైపే ఉంటారు, అందుకని.

నీ
సంజన

*

ఆదోని,
జూలై 3.

సంజనా,

నీకు జ్యోతిషం ఎప్పటి నుంచి వచ్చిందే? ఆయన ఫిజిక్స్ లెక్చరరే. కళ్ళజోడు తుడవడం కూడా నిజమే. పేరు నిఖిల్. మీ బంధువులకు తెలిసినవాడైతే కొంచెం బుద్ధి చెప్పించు.

ఆదివారం కాలనీలో మీటింగు పెట్టారు. మ్యాపు పట్టుకుని పోయాను. చెత్త అక్కడ పోయరని, ఖాళీ బండ్లే వచ్చి నిలబడతాయని విడమరిచి చెప్పాను. నిఖిల్ గారు లేచి, "గేటు మా వీధిలోకి పెట్టినారు. పొద్దున పిల్లలు స్కూలు బస్సుకు నిలబడేది ఆ మూలలోనే. ట్రాక్టర్లు ఆడే తిరిగితే ఎట్లా?" అన్నాడు. మొదట దోమలు, ఇప్పుడు పిల్లలా, రేపు ఇంకేం తెస్తారని అడిగేశాను. వెనక ఎవరో నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది.

ఆయనకంటే వాళ్ళమ్మ రాధాబాయమ్మ గట్టిది. మిల్లు గోడ పక్కిల్లు వాళ్ళదే. ముందు వరసలో కూర్చుని మీటింగంతా ఒక్క మాట మాట్లాడలేదు, నన్నే చూస్తూ కూర్చుంది. లేచి పోతూ మాత్రం, "మా ఇంటి పక్కన చెత్తబండ్ల కొట్టం కడితే ఊరుకునేది లేదు" అని ఎవరికో చెప్పినట్టు నాకు చెప్పింది.

నేనూ ఊరుకోలేదు. ఒకసారి వచ్చి పాత షెడ్డు చూడండి, తర్వాత మాట్లాడదామని నిఖిల్ గారికి చెప్పాను. గురువారం సాయంత్రం వస్తానన్నాడు. భీమక్క వాళ్ళు పని అయిపోయినా ఇళ్ళకు పోకుండా కూర్చున్నారు. మనిషి రాలేదు, ఫోను కూడా ఎత్తలేదు. అంతసేపూ ఎదురుచూసి భీమక్క కొంగు దులుపుకుని లేచి, "పెద్దోళ్ళకు ఏం పనులుంటాయో పాప, పోదాం పట్టు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మాటిచ్చి ఎగ్గొట్టే మనిషిని ఎవరు చేసుకుంటారో, పాపం ఆ పిల్ల.

నీ
అశ్విని

*

ఎమ్మిగనూరు,
జూలై 10.

అశ్వినీ,

ఆ పిల్లను నేనే కావచ్చు. కాబట్టి నా మీద కొంచెం జాలి చూపించి, కోపం తర్వాత తెచ్చుకో.

సంబంధం మే నెలలోనే వచ్చింది. ఆదోని, ఫిజిక్స్ లెక్చరరు, తల్లీ కొడుకూ ఇద్దరే అన్నారు. నీకు రాద్దామని కాగితం తీశాను. అంతలో నీ ఇస్త్రీ చొక్కా ఉత్తరం వచ్చింది. ఆయనే ఈయనేమోనని అనుమానం, కాకూడదని ఆశ. అందుకే ఆ ప్రశ్నలు. నువ్వు జవాబు రాసేలోపే చూపులు అయిపోయాయి. ఆ గురువారం ఆయన నీ షెడ్డుకు రాకపోవడానికి కారణం, మా ఇంట్లో కూర్చుని ఉగ్గాని తింటూ ఉండటం. మంచిరోజని మా నాన్న, వాళ్ళమ్మ కలిసి ఒక్క పూటలో అనుకుని ఆయన్ను బయలుదేరదీశారు. ఫోన్ ఇంట్లో మరిచిపోయి వచ్చాడట. మధ్యలో రెండుసార్లు గడియారం చూశాడు. నేను నచ్చలేదేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, నీకిచ్చిన మాట గుర్తొచ్చి చూశాడని.

ఇద్దరినీ మాట్లాడుకోమని వసారాలో కూర్చోబెట్టారు. మాట్లాడటానికి ఏమీ దొరక్క తన కష్టాలు చెప్పాడు. "మున్సిపాలిటీలో ఒక ఇంజినీరమ్మ ఉంది, ఒక్క మాట చెవిన పెట్టదు. కానీ ఆమె అడిగేది న్యాయమే, అదే కష్టంగా ఉంది" అన్నాడు. ఆ ఇంజినీరమ్మ నా పక్క మంచం మీద మూడేళ్ళు పడుకుందని చెప్పకుండా నోరు నొక్కుకున్నాను. చెప్పేస్తే ఇంక నిజం మాట్లాడడు కదా.

అశ్వినీ, మనిషి నాకు నచ్చాడు. కానీ జవాబివ్వలేదు. పాత షెడ్డు నేను చూడాలి, మీరూ అప్పుడే నాతో చూడాలి, ఆ తర్వాత చెబుతానని ఆయనకు కబురు పంపాను. మా నాన్న అది విని, "మంచిదే, నేనే తోడొస్తా" అన్నారు. వచ్చే శనివారం మధ్యాహ్నం వస్తున్నాం. కోపం ఉంటే అక్కడే తిట్టు, ఆయన ముందు మాత్రం వద్దు.

నీ
సంజన

*

ఆదోని,
జూలై 21.

మహారాజశ్రీ సంజన గారికి,

కోపం పోలేదని తెలియడానికి అలా మొదలుపెట్టాను. నేను రాసిన ప్రతి మాటా చదివి, నవ్వి, ఆయన కళ్ళజోడు తుడవడం దాకా నాతోనే చెప్పించుకున్నావు. శనివారం షెడ్డులో నిన్ను చూడగానే తిడదామనుకున్నాను. నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని ఆ బురదలోనుంచి నవ్వుతూ వస్తుంటే నోరు రాలేదు.

నువ్వు, మీ నాన్నగారు నాలుగింటి బస్సుకు పోయారు కదా, ఆ తర్వాత జరిగింది నీకు తెలియాలి. నిఖిల్ గారు బండి తీస్తుండగానే వాన పట్టుకుంది. ఆడవాళ్ళ రెండో గుంపు పూర్తిగా తడిసి అప్పుడే వచ్చింది. పొడి చీరలు కట్టుకోవడానికి లోపలికి పోగానే గాలికి పట్టా తాడు తెగింది. ఈయన పరుగున పోయి ఆ కొస అందుకున్నాడు. అందుకుని, వాళ్ళకు వీపు పెట్టి, ముఖం వానకేసి తిప్పుకుని నిలబడ్డాడు. పైరేకు మీది నీళ్ళన్నీ ఆ మనిషి నెత్తినే. కదలలేదు. లోపలినుంచి భీమక్క కేకేసింది: "ఇంగ సాలు సార్, ఇడ్సండి. అందరం మార్చుకున్యాము." అప్పుడు వదిలాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుందామంటే పొడి గుడ్డ లేదు. భీమక్క తన తువ్వాలు ఇచ్చింది.

తర్వాత టీ తాగుతూ నాతో అన్నాడు: "మేడం, షెడ్డు సంగతి మీరు చెప్పిందంతా నిజం. గేటు సంగతి నేను చెప్పింది కూడా నిజమే."

నేను వాదించలేదు. ఆ మాట మీద ప్లానులో చిన్న మార్పు ఒకటి చేశాను. పెద్ద విషయమేమీ కాదు.

జవాబిచ్చావా లేదా? నా పేరు మధ్యలో పెట్టి ఆలస్యం చేయకు. మనిషి మంచివాడు. ఈ మాట నేనన్నట్టు ఆయనకు చెప్పావంటే మళ్ళీ ఉత్తరం రాయను.

నీ
అశ్విని

*

ఎమ్మిగనూరు,
ఆగస్టు 2.

అశ్వినీ,

చిన్న మార్పా? గేటు కాలనీ వైపు నుంచి తీసి మార్కెట్ రోడ్డు వైపు పెట్టావట. అందుకోసం మిల్లులో పత్తి బేళ్ళు దించే పాత అరుగు కొట్టేయాలట. రెండు రోజులు కూర్చుని ప్లానంతా కొత్తగా గీశావట. పొద్దున పిల్లలు బస్సెక్కేవేళ నువ్వే పోయి ఆ మూలలో నిలబడి చూశావట కూడా. ఇవన్నీ నాకు వేరే దారిలో తెలిశాయి. "మీరు చెప్పింది కరెక్టే సార్" అని ఒక్క ముక్క ఆయనతో అంటే నీ సొమ్మేం పోయేదే?

నా జవాబు ఇచ్చాను. సరేనన్నాను. కానీ సంగతి అక్కడితో ఆగలేదు.

మొన్న మధ్యవర్తి శేషప్ప గారు వచ్చారు. రాధాబాయి గారు సంబంధం ఆలోచించుకోవాలంటున్నారట. పిల్ల పెళ్ళి కాకముందే చెత్త షెడ్డుల వెంట తిరిగిందని, ఆ ఇంజినీరమ్మా ఈ పిల్లా ఒకటేనని, ఇద్దరూ కలిసి కొడుకును తిప్పేశారని ఆమె అనుమానం. శేషప్ప గారు గొంతు తగ్గించి, స్నేహితురాలితో చెప్పి ఆ మిల్లు సంగతి మాన్పిస్తే ఇటువైపు తాను సర్దుబాటు చేస్తానన్నారు.

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టారు. "పోయింది నిజమే శేషప్పా. బస్సెక్కించి తీసుకపోయింది నేనే. ఆడ నేను చూసింది కూడా నిజమే. దాన్ని మాన్పించమని నా బిడ్డకు నేను చెప్పలేను" అన్నారు. అంతే, ఇంక ఆ మాట ఎత్తలేదు. శేషప్ప గారు కాఫీ తాగి వెళ్ళిపోయారు.

రాత్రి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను. నీకు కాక ఎవరికి చెబుతాను? పొద్దున లేచి ముఖం కడుక్కుని స్కూలుకు పోయాను.

వచ్చే ఆదివారం కాలనీలో చివరి మీటింగని విన్నాను. నా కోసం ఆ స్థలం వదిలేశావంటే, పెళ్ళి అయినా కాకపోయినా నీతో మాట్లాడను. రాసిపెట్టుకో.

నీ
సంజన

*

ఆదోని,
ఆగస్టు 12.

సంజనా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే మళ్ళీ హెడ్‌మాస్టరు గారు చూస్తారు.

నిజం చెప్పాలంటే మీటింగుకు ముందు కమిషనరు గారి గది దాకా పోయాను, సిరుగుప్ప రోడ్డు జాగా సంగతి మళ్ళీ ఆలోచిద్దామని అడగడానికి. తలుపు దగ్గర నీ ఉత్తరం గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. నీకంటే నీ అలక అంటేనే నాకు భయం.

భీమక్క కూడా వస్తానంది. ఆమె పన్నెండేళ్ళుగా ఊడ్చేది ఆ కాలనీనే. నేను కొత్త ప్లాను గోడకు అంటించి గేటు ఎటు మారిందో చూపించాను. ఇది నిఖిల్ గారు చెప్పిన మార్పు, ఆయన చెప్పింది సరైనది, నేను ముందు చూసుకోలేదు అని అందరి ముందూ అన్నాను. అనేశాను, తృప్తేనా?

రాధాబాయమ్మ లేచింది. నాతో కాదు, భీమక్కతో మాట్లాడింది. "ఏం భీమక్కా, నువ్వు కూడా మా ఇంటి పక్కకే రావల్లని వచ్చినావా?"

భీమక్క చేతులు కట్టుకోలేదు, గొంతు పెంచలేదు. "మీ ఇంటి పక్కకే రావల్లని నాకేం లేదమ్మా. గుడ్డలు మార్చుకునేకి తలుపుండే గది ఒకటి కావల్ల. యాడ కట్టినా వస్తాం. ఈడైతే నడిచేకి దగ్గర, అంతే" అంది.

రాధాబాయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "ఇన్నేండ్లు పొద్దున్నే మా వీధిలోకి తడిచీరతోనే వచ్చేదానివా వానలో?" అని అడిగింది. భీమక్క అవునంది. "నాకెప్పుడూ చెప్పలేదే." "మీరెప్పుడూ అడగలేదు కదమ్మా" అంది భీమక్క. మామూలుగానే అంది, దెప్పినట్టు కాదు.

నిఖిల్ గారు లేచి, యార్డుకు పక్కిళ్ళవాళ్ళు ఇవ్వాల్సిన సమ్మతి పత్రంలో తాను సంతకం చేస్తున్నానని, కాలనీలో ఎవరికి ఇష్టం లేకపోయినా తన ఇష్టం ఇదేనని చెప్పాడు. తల్లి ముఖం చూడకుండా అయినా గట్టిగానే చెప్పాడు. ఆమె వెంటనే, "ఇల్లు నా పేరు మీద ఉంది, నీ సంతకం ఎవరికి కావల్ల? ఇటియ్యి" అని పత్రం లాక్కుంది. చింపుతుందనే అనుకున్నాను. సంతకం పెట్టేముందు నాకు షరతులు చెప్పింది. చెత్త ఒక్క రాత్రి కూడా నిలవుండకూడదు. గోడ వెంట చెట్లు పెట్టాలి. అన్నిటికంటే ముందు ఆడవాళ్ళ గది కట్టాలి, అది పూర్తయ్యాకే బండ్లు లోపలికి రావాలి. మూడూ ప్లానులో రాసుకున్నాను. అప్పుడు పెట్టింది సంతకం.

నేను మ్యాపు చుడుతుంటే పక్కకు వచ్చింది. "ఎమ్మిగనూరు పిల్ల నీతో చదువుకున్న్యాదంట గదా. శేషప్పతో మిల్లు మాన్పించమని చెప్పిస్తే, పెండ్లి పోయినా సరే మాన్పించేది లేదన్నారంట తండ్రీబిడ్డ. అంత మొండిదా?"

చదువుకునే రోజుల నుంచి అంతేనమ్మా అన్నాను.

"మావాడు మెతక. ఇంట్లో ఇంకొకరన్నా గట్టిగా ఉండల్ల గదా" అంది. అని, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

శేషప్ప గారు ఈ వారంలో మళ్ళీ మీ ఇంటికి వస్తారు. ఈసారి కాఫీతో సరిపెట్టకండి.

నీ
అశ్విని

*

గురురాజ కాలనీ, ఆదోని,
మార్చి 9.

అశ్వినీ,

మూడు వీధుల అవతల ఉంటూ ఉత్తరమేమిటని నువ్వు అడగొచ్చు. నిన్న నువ్వు ట్రైనింగుకని కర్నూలు పోయి మంచి సంగతి చూడలేకపోయావు. ఫోన్‌లో చెబితే రుచి ఉండదు.

ఆడవాళ్ళ గది తెరిచి రెండు వారాలైంది కదా. నిన్న బండ్లు వచ్చిన మొదటి పొద్దు. అత్తయ్య అందరికంటే ముందే లేచి మిద్దె మీదికి పోయింది. నేను కాఫీ తీసుకుని వెనకే పోయాను. ఆయన నిద్రలోనే ఉన్నాడు. ట్యాంకర్లు పోయాయి, ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి మార్కెట్ రోడ్డు మీదికి పోయాయి. శబ్దం వచ్చింది, కాదనను. అత్తయ్య చెవి పెట్టి విని, "మన మిక్సీ అంత కూడా లేదు" అంది. మరీ అంత తక్కువేమీ కాదు గానీ నేను ఒప్పుకున్నాను.

చివరి ట్రాక్టరు స్టార్ట్ చేయగానే నల్లగా పొగ వదిలింది. అత్తయ్య కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి దిగిపోయింది. గేటు దాకా నడిచి, డ్రైవరు మాదన్నను ఆపి, "ఏమప్పా, ఊరిని శుభ్రం చేసేకి పోతాండావా, పొగబెట్టేకి పోతాండావా?" అని నిలదీసింది. మాదన్న తల గోక్కుని, రిపేరు షెడ్డు తెరిచినారు కదమ్మా, ఈ పొద్దే చూపిస్తానన్నాడు. భీమక్క గది గుమ్మంలో నిలబడి జుట్టు ముడేసుకుంటూ నవ్వుతోంది. అత్తయ్య ఆమె వైపు తిరిగి, గదికి ఫ్యాను ఒక్కటే పెట్టినారే, ఎండాకాలం ఎట్లా అని అడిగింది. ఆ జవాబు నువ్వే చెప్పాలట. ఆదివారం భోజనానికి రమ్మంది.

ఈ పొద్దున మళ్ళీ మిద్దె ఎక్కాం. మాదన్న ట్రాక్టరు గోడ అవతల మా ఇంటికి ఎదురుగా వచ్చేసరికి నెమ్మది చేసి, చేయెత్తి పొగగొట్టం వైపు చూపించాడు. పొగ లేదు. అత్తయ్య గంభీరంగా తలాడించింది. ఆ ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూసి, "రేపటి నుంచి నీ మొగుణ్ణి కూడా లేపు, ఇది చూసేకి" అంటూ కిందికి దిగింది.

నీ
సంజన